సాక్షిపీఠముపై ప్రసిద్ధులు

1906 వ సంవత్సరము డిసెంబరు నెల 7 వ తేదీన వాషింగ్టను నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయములో శాసనసభ్యుల సంఘమొకటి సమావేశమై యుండెను. అమెరికాలో కాంగ్రెసనగా రాజకీయ పక్షము కాదు. ఆ దేశపు శాసనసభకే ఆ పేరు. ప్రతినిధుల సభయు, సెనేటును దాని రెండు అంగములు. ఆనాటి సమావేశమునకు విషయము గ్రంథస్వామ్యము, అనగా కాపీరైటు. చలికాలము. సభ్యులును ప్రేక్షకులును ముదురు రంగు ఉన్ని దుస్తులలో కూర్చుండగా, తల పండిన వృద్ధుడొకడు తన పైకోటును తొలగించెను. లోపల నుండినవి ఆపాదమస్తకము తెల్లని దుస్తులు. ఆయనయే మార్క్ ట్వేన్. అప్పటికి ఆయన వయస్సు 71 సంవత్సరములు. చట్టము సంగతి యెట్లున్నను, ఆ తెల్లదుస్తులు మాత్రము పత్రికలకు పెద్ద వార్త యయ్యెను.

ఆనాటి శాసనము ననుసరించి రచయితకు తన గ్రంథముపై గల హక్కు 42 ఏండ్లు మాత్రమే. ఆ గడువు దాటినచో ఆ గ్రంథమును ఎవరైనను అచ్చువేసి అమ్ముకొనవచ్చును. రచయిత జీవితకాలమంతయు, ఆ పిదప మఱి 50 ఏండ్లును హక్కు నిలుచునట్లు చట్టమును సవరింపవలెనని ట్వేన్ వాదించెను. ఇంటికిని పొలమునకును లేని గడువు పుస్తకమునకు మాత్ర మెందులకని అడిగెను. తన కుమార్తెలు తనవలె సంపాదింపజాలరనియు, వారిని పోషింపవలసినవి తన పుస్తకములే యనియు దాపఱికము లేక చెప్పెను. సభ్యులు నవ్విరి; నవ్వుచునే శ్రద్ధగా వినిరి. 1909 లో వచ్చిన చట్టము హక్కు గడువును 56 ఏండ్లకు పెంచెను. ట్వేన్ కోరిన పద్ధతి మాత్రము 1976 నాటి చట్టముతో గాని ఆ దేశమున స్థిరపడలేదు. శాసనసభల నడక యట్టిది.

ఆ సంవత్సరమే జూన్ నెలలో అదే విషయమున సుప్రసిద్ధ బాండు సంగీత కర్త జాన్ ఫిలిప్ సూసా సాక్ష్యమిచ్చెను. ఆయన కోపమంతయు గ్రామఫోను మీద. తన చిన్నతనమున వేసవి సాయంకాలములందు ఇంటింటి ముంగిట యువజనులు కూడి పాడెడివారనియు, ఇక నీ యంత్రములే పాడుచు పోయినచో, మానవునికి పూర్వము తోక ఊడిపోయినట్లు కంఠనాళములును ఊడిపోవుననియు ఆయన సభ్యులను హెచ్చరించెను. ఈ మాటలను ఒక రేడియో పత్రికలో ముద్రించుచున్నందులకు సూసాగారి ఆత్మ మమ్ము క్షమించుగాక!

ఈ రెండు సాక్ష్యములను ముందుగా చెప్పుటకు కారణము కలదు. రచయితకు పుస్తకపు లాభనష్టములు తెలియును. సంగీతజ్ఞునకు సంగీతపు బాగోగులు తెలియును. చట్టము చేయబోవువారికి అవి తెలియవు. కావున పిలిచి యడిగిరి. సాక్షికి గల కీర్తి ఆ గదిలోనికి కొంత సందడిని, కొంత నవ్వును తెచ్చినను, ప్రశ్న మాత్రము ప్రశ్నగనే యుండెను, జవాబు జవాబుగనే యుండెను. ప్రసిద్ధులను పిలుచుటలో తప్పు లేదు. ఏమి తెలిసికొనుటకు పిలిచిరన్నదే చూడదగిన విషయము.

శాసనసభకు సాక్షులను పిలిపించు అధికార మెట్లు కలిగెనని అడుగవచ్చును. దేశపు స్థితిగతులు తెలియనిదే చట్టము చేయుట చీకటిలో రాయి విసరుట వంటిది. అందుచేత సాక్షులను రప్పించుటకును, ప్రమాణము చేయించి ప్రశ్నించుటకును కాంగ్రెసు సంఘములకు అధికారము కలదు. రానివారిని, వచ్చియు సమాధానము చెప్పనివారిని సభాధిక్కార నేరము క్రింద న్యాయస్థానమునకు పంపుటకు 1857 లోనే చట్టము చేసిరి. ఈ విచారణాధికారము శాసనాధికారములో అంతర్భాగమని 1927 లో అమెరికా సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఆ కేసు ప్రభుత్వోన్నతోద్యోగుల అవినీతి విచారణలో పుట్టినది. అధికారములో నున్న వారిని నిలదీయుటకు ప్రజాప్రతినిధుల చేతిలో నుంచిన ఆయుధమిది. అట్టి ఆయుధము ఏ అధికారమును లేని నటుల మీదికి, గాయకుల మీదికి తిరిగిన కథ ఇక మీదటిది.

1938 లో ప్రతినిధుల సభ అమెరికా వ్యతిరేక కార్యకలాపములను విచారించుట కొక సంఘము నేర్పఱచెను. ఆ సంఘము మొదటి సంవత్సరముననే నవ్వులపాలైనది. ఫ్రెంచి కమ్యూనిస్టు పత్రిక యొకదానికి అభినందనలు పంపిన తారలలో షర్లీ టెంపుల్ పేరును ఒక సాక్షి చెప్పెను. ఆ బాలతారకు అప్పటికి పదియేండ్లు! ప్రభుత్వ సహాయముతో నడచు నాటక సంస్థకు అధినేత్రి యైన హాలీ ఫ్లానగన్ తన వ్యాసములో క్రిస్టఫర్ మార్లో పేరును ఉదహరించినందున, ఆ మార్లో కమ్యూనిస్టేనా యని సంఘ సభ్యుడొకడు ఆమెను ప్రశ్నించెను. మార్లో షేక్స్పియరు సమకాలికుడనియు, నాటకకర్త యనియు ఆమె వినయముగనే రికార్డు చేయించెను. దేశము నవ్వెను. కాని నవ్వులపాలైన సంస్థ లన్నియు అంతరింపవు. 1945 లో ఆ సంఘము ప్రతినిధుల సభకు స్థాయీ సంఘమయ్యెను.

యుద్ధము ముగిసిన పిమ్మట కాలము మాఱెను. నిన్నటి మిత్రరాజ్యమైన రష్యా నేటి ప్రత్యర్థి యయ్యెను. అమెరికనులకు కలిగిన భయము పూర్తిగా కల్పితమని చెప్పుట న్యాయము కాదు. రష్యా గూఢచారులు అమెరికాలో పనిచేసిన మాట నిజము. అమెరికను కమ్యూనిస్టు పార్టీ మాస్కో మాటకు ఎదురు చెప్పకుండిన మాటయు నిజము. అయితే గూఢచారిని పట్టుకొను పని పోలీసులది, శిక్షించు పని న్యాయస్థానములది. సంఘము మాత్రము హాలీవుడ్డు వైపు చూచెను. ఏలయన, అచట కెమెరా ఎక్కడ నుండిన అక్కడ జనముందురు.

1947 అక్టోబరు 20 వ తేదీన వాషింగ్టనులో విచారణ ప్రారంభమాయెను. సంఘాధ్యక్షుడు న్యూజెర్సీ రాష్ట్రపు ప్రతినిధి పార్నెల్ థామస్. సభ్యులలో రిచర్డ్ నిక్సన్ అను కొత్త ప్రతినిధి యొకడు. రేడియో మైక్రోఫోనులు, వార్తాచిత్రముల కెమెరాలు, కండ్లు మిరుమిట్లు గొలుపు దీపములు ఆ మందిరమును సినిమా స్టూడియోగా మార్చివైచెను. మొదటి వారము సంఘమునకు అనుకూలురైన సాక్షులది. అందగాడని పేరొందిన రాబర్ట్ టేలర్ వచ్చిన దినమున స్త్రీల త్రొక్కిడి పోలీసులకు సమాళింపరానిదయ్యెను. మఱునాడు గారీ కూపర్ వచ్చెను. కమ్యూనిస్టు భావములున్న కథలను చాలవఱకు తాను నిరాకరించితినని ఆయన చెప్పెను. ఏ కథలో చెప్పుమని యడుగగా, తాను కథలను రాత్రిపూట చదువుదును గనుక పేర్లు జ్ఞాపకము లేవనెను. కార్ల్ మార్క్సును చదువలేదనియు, విన్నంతవఱకు ఆ సిద్ధాంతము తనకు నచ్చలేదనియు చెప్పి, నవ్వుచు వెడలిపోయెను. ఈ సాక్ష్యము వలన ఏ చట్టమునకు ఏ అక్షరము చేరవలసియుండెనో ఊహించుట కష్టము. అయినను మందిరములో నెవరికిని అసంతృప్తి లేదు. కూపర్ మర్యాదస్థుడు. పిలువగనే వచ్చెను, కూర్చుండు మన్నచోట కూర్చుండెను, జనమునకు దర్శనమిచ్చెను.

అదే రోజున సాక్ష్యమిచ్చిన రొనాల్డ్ రీగన్ అప్పటి నటుల సంఘమునకు అధ్యక్షుడు. ఆయన కమ్యూనిస్టులను ఖండించుచునే, కేవలము సిద్ధాంతమును బట్టి ఏ రాజకీయ పక్షమునైనను నిషేధించుట తనకు సమ్మతము కాదనియు, ప్రజలకు నిజము తెలియజేయుటయే ప్రజాస్వామ్యమునకు తగిన మందనియు చెప్పెను. ఆ తరువాతి ఆయన రాజకీయములను మెచ్చనివారు సైతము ఈ మాటను మెచ్చుకొనక తప్పదు. మఱునాడు వాల్ట్ డిస్నీ వచ్చి, 1941 లో తన స్టూడియోలో చిత్రకారులు చేసిన సమ్మె కమ్యూనిస్టుల పనియే యని చెప్పెను. జీతముల తగాదాకు జాతీయ వేదిక దొరకెను.

రెండవ వారము కథ మాఱెను. అక్టోబరు 27 న చిత్రకథా రచయిత జాన్ హోవర్డ్ లాసన్ పీఠమెక్కెను. తాను వ్రాసి తెచ్చిన ప్రకటనను చదువనిమ్మని కోరెను. అనుకూల సాక్షులకు దొరకిన ఆ అవకాశము ఆయనకు దొరకలేదు. నీవు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడవా, ఎప్పుడైనను సభ్యుడవుగా నుంటివా యన్నది ఒకటే ప్రశ్న. లాసన్ అరచెను, అధ్యక్షుడు అంతకంటె గట్టిగా అరచుచు బల్లపై సుత్తితో మోదెను. తుదకు అధికారులు ఆయనను పీఠమునుండి లాగివైచిరి. ఆ కేకలు రేడియోలో దేశమంతట వినబడెను. లాసన్ పక్షమున న్యాయము కలదని నమ్మినవారు సైతము ఆ కంఠస్వరమును విని వెనుకాడిరి. రేడియోలో పనిచేయువారికి తెలిసిన రహస్యమొకటి కలదు: మైక్రోఫోను ముందు అరచినవాని మాట ఎంత నిజమైనను, వినువారికి అరపు మాత్రమే మిగులును.

లాసన్ తరువాత వచ్చిన తొమ్మండుగురును ఆ మార్గమునే అనుసరించిరి. వీరినే హాలీవుడ్డు పదుగురని చరిత్ర పేర్కొనును. వీరు పార్టీ సభ్యులు కారా? చాలవఱకు అయినవారే, కొందఱు అప్పటికి విడిచినవారు. పార్టీ సభ్యత్వము ఆనాడు నేరము కాదు. అయినప్పుడు అవునని చెప్పరాదా యని మనకు తోచవచ్చును. చెప్పినచో వెంటనే రెండవ ప్రశ్న వచ్చును: నీతో బాటు ఎవరెవరుండిరి? మిత్రుల పేర్లు చెప్పవలెను, చెప్పకున్న ధిక్కారము. కాదన్నచో అసత్య సాక్ష్యము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కావున వారు రాజ్యాంగము మొదటి సవరణ ననుసరించి భావస్వాతంత్ర్యము, సంఘస్వాతంత్ర్యము తమకు కలవనియు, ఆ ప్రశ్న నడుగు అధికారమే సంఘమునకు లేదనియు వాదించిరి. తనపై తాను సాక్ష్యము చెప్పనక్కఱలేదను అయిదవ సవరణను ఆశ్రయించినచో చెఱసాల తప్పెడిది. ఆ దారిని తరువాతివారు పట్టిరి. వీరు పట్టలేదు, సుప్రీము కోర్టు తమను కాపాడునని నమ్మిరి.

ఆ విచారణలో కడపటి సాక్షులలో నొకడు జర్మను నాటకకర్త బెర్టోల్ట్ బ్రెఖ్ట్. హిట్లరు నుండి పాఱిపోయి వచ్చిన ప్రవాసి. అక్టోబరు 30 న చుట్ట కాల్చుచు, మిక్కిలి వినయముగా కూర్చుండి, వచ్చీరాని ఇంగ్లీషులో సమాధానములు చెప్పెను. ఆయన ప్రక్కనున్న దుబాసీ యుచ్చారణ మఱింత చిక్కుగా నుండెను. సాక్షి మాటవలెనే దుబాసీ మాటయు అర్థము కాలేదని అధ్యక్షుడు వాపోయెను. సంఘమువారు ఆయన పద్యముల అనువాదములను చదివి యిది విప్లవము కాదా యని యడుగగా, అనువాదము తప్పని బ్రెఖ్ట్ శాంతముగా సవరించెను. పార్టీ సభ్యుడవా యనగా, కాదు, ఎన్నడును కానని చెప్పెను. సాంకేతికముగా అది నిజమే. తక్కినవారికి ఇతడు మంచి యాదర్శమని అధ్యక్షుడు మెచ్చుకొని పంపెను. మఱునాడే బ్రెఖ్ట్ విమానమెక్కి ఐరోపాకు వెడలిపోయెను. అందఱికంటె మర్యాదగా కూర్చుండినవాడే సంఘమును అందఱికంటె ఎక్కువగా ఆటపట్టించెను. సభామర్యాద వేఱు, సభయందలి గౌరవము వేఱు. మొదటిది నాలుక చివర నుండును. రెండవది ఎచట నుండునో ఆ సంఘమునకు ఎన్నడును తెలియలేదు.

ఈ రోజులలో రేడియో ఊరక యుండలేదు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్, జూడీ గార్లండ్, జీన్ కెల్లీ మొదలగు తారలును, దర్శకులు జాన్ హూస్టన్, విలియం వైలర్ లును ఒక సంఘముగా నేర్పడి, అక్టోబరు 26 న, నవంబరు 2 న రెండు రేడియో కార్యక్రమములను ప్రసారము చేసి విచారణను నిరసించిరి. అందు కొందఱు విమానములో వాషింగ్టనుకు పోయి మందిరములో కూర్చుండిరి. ఆ యుత్సాహము నిలిచినది కొన్ని వారములే. 1948 లో బోగార్ట్ తాను కమ్యూనిస్టును కానని ఒక సినిమా పత్రికలో వ్యాసము ప్రకటించుకొనవలసివచ్చెను. 1950 జూన్ లో ఒక చిన్న పుస్తకము వెలువడెను. రేడియో, టెలివిజను రంగములలో పనిచేయు 151 మంది పేర్లు, వారు ఎప్పుడో సంతకము పెట్టిన విజ్ఞప్తుల వివరములు అందుండెను. కార్యక్రమములకు డబ్బిచ్చు వ్యాపారసంస్థలు ఆ పుస్తకమును బల్లసొరుగులో నుంచుకొని, పేరున్నవారికి పని లేదనిరి. ఎవరును తీర్పు చెప్పలేదు, ఎవరును విచారింపలేదు. కంఠములు మాత్రము గాలిలోనుండి మాయమయ్యెను. సూసా భయపడినది గ్రామఫోనుకు. కంఠములను తీసివేయుటకు గ్రామఫోను అవసరము లేకపోయెను.

1947 నవంబరు 24 న ఆ పదుగురిని ధిక్కార నేరమునకు విచారింపవలెనని ప్రతినిధుల సభ నిర్ణయించెను. అందొకరి విషయమున జరిగిన ఓటింగులో అనుకూలముగా 346 ఓట్లు, ప్రతికూలముగా 17 మాత్రమే వచ్చెను. ఆ దినములలోనే స్టూడియో యజమానులు న్యూయార్కులోని ఒక గొప్ప హోటలులో కూడి, ఆ పదుగురికి పని యియ్యమని ప్రకటించిరి. సుప్రీము కోర్టు 1950 లో వారి అప్పీలును వినుటకే నిరాకరించెను. ఎనిమిదిమందికి ఏడాది, ఇద్దఱికి ఆఱునెలలు శిక్ష పడెను. రింగ్ లార్డ్నర్, లెస్టర్ కోల్ అను రచయితలు డాన్బరీ చెఱసాలకు పోవునప్పటికి అచట వారికి పూర్వపరిచితుడొకడు కనబడెను. ఆయన పార్నెల్ థామస్! తన కార్యాలయములో పనిచేయని ఉద్యోగుల పేర జీతములు వ్రాయించి తాను తీసికొన్న నేరమునకు మాజీ అధ్యక్షుడు ఖైదీయై, చెఱసాల కోళ్ళదొడ్డికి కాపరియై యుండెను. ఆయన నేరవిచారణలో తానును అయిదవ సవరణనే ఆశ్రయించి మౌనము వహించెను. కంచె చేను మేసిన సామెతకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు.

1951 లో విచారణలు మరల మొదలయ్యెను. ఈసారి మొదట వచ్చినవాడు లారీ పార్క్స్ అను నటుడు. జాల్సన్ అను గాయకుని జీవితచిత్రములో నటించి పేరు పొందినవాడు. ఆయన దాచలేదు, తాను కొంతకాలము పార్టీలో నుంటిననియు, తరువాత విడిచితిననియు చెప్పెను. ఇతరుల పేర్లు మాత్రము చెప్పింపవలదనియు, బురదలో ప్రాకునట్లు చేసి తన్ను వేగులవాడుగా మార్పవలదనియు బ్రతిమాలుకొనెను. సంఘము విడువలేదు. ఆ దినముననే తలుపులు మూసి, ఆయనచేత పేర్లు చెప్పించిరి. ఆ పేర్లు సంఘమునకు ముందే తెలియును. ఇచట ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. తెలిసిన పేర్లను మరల చెప్పించుటలో విచారణ యేమున్నది? కావలసినది సమాచారము కాదు; ప్రసిద్ధుడైన మనుష్యుడు పదిమందిలో తలవంచుట. పార్క్స్ పేర్లు చెప్పియు బాగుపడలేదు. ఆయన సినిమా జీవితము ఆనాటితో ముగిసినట్లే యయ్యెను.

1952 లో దర్శకుడు ఎలియా కజాన్ పాత మిత్రుల పేర్లు చెప్పెను. ఆయన వృత్తి నిలిచెను. నాటకకర్త్రి లిలియన్ హెల్మన్ తన్ను గుఱించి యెంతయైనను చెప్పుదునుగాని ఇతరులను గుఱించి చెప్పనని ముందుగనే లేఖ వ్రాసెను. ఆమెకు సినిమా పని పోయెను. 1955 లో జానపద గాయకుడు పీట్ సీగర్ తాను పాడిన పాటలను గుఱించి చెప్పుదును, కావలసిన పాడి వినిపింతును, కాని ఎవరి యెదుట పాడితినో చెప్పననెను. సంఘము పాట వినుటకు ఇష్టపడలేదు. 1961 లో ఆయనకు ఏడాది శిక్ష విధించిరి. మఱుసటి యేడు పై కోర్టు దానిని కొట్టివేసెను.

ఒక ప్రసిద్ధుని మీదికి మఱియొక ప్రసిద్ధుని పంపిన ఘట్టము వీనిలో మిక్కిలి బాధాకరమైనది. పాల్ రోబ్సన్ బానిసగా పుట్టి పాఱిపోయిన తండ్రికి కుమారుడు. ఫుట్‌బాలు ఆటగాడు, న్యాయశాస్త్ర పట్టభద్రుడు, ఒథెల్లో పాత్రధారి, లోకప్రసిద్ధ గాయకుడు. 1949 లో పారిసు నగరమున ఆయన చేసిన ప్రసంగమును పత్రికలు మార్చి ప్రకటించెను: రష్యాతో యుద్ధము వచ్చినచో అమెరికాలోని నల్లజాతివారు పోరాడరని ఆయన చెప్పెనట. దానికి జవాబు చెప్పుటకు సంఘము జాకీ రాబిన్సన్‌ను పిలిచెను. మనదేశమున క్రికెట్ వీరులకు గల ఖ్యాతి అమెరికాలో బేస్‌బాల్ వీరులకు కలదు. పెద్ద పోటీలలో తెల్లవారితో కలసి ఆడుటకు నల్లవారికి దశాబ్దములుగా లేని ప్రవేశమును 1947 లో సంపాదించినవాడు రాబిన్సన్. జూలై 18 న ఆయన సాక్ష్యమిచ్చుచు, రోబ్సన్ ఆ మాటలు నిజముగా ననియుండినచో అది అవివేకమనెను. దానితో బాటు, జాతివివక్షను కమ్యూనిస్టులు ఖండించినంత మాత్రమున అది కట్టుకథ కాదనియు, వారు పుట్టకముందే అది కలదనియు గట్టిగా చెప్పెను. పత్రికలు మొదటి మాటను పెద్దక్షరములలో వేసి, రెండవ మాటను చిన్నక్షరములలో వేసెను. 1972 లో వెలువడిన తన ఆత్మకథలో రాబిన్సన్, ఏండ్లు గడచినకొలది తనకు రోబ్సన్ యెడ గౌరవము పెరిగినదని వ్రాసికొనెను.

1950 లో ప్రభుత్వము రోబ్సన్ పాస్‌పోర్టును రద్దు చేసెను. 1956 జూన్ 12 న ఆ విషయముననే సంఘము ఆయనను పిలిచెను. ఆయన పెద్ద విగ్రహము, గంభీరమైన కంఠము. తన్ను ప్రశ్నించువారి పేరేమి, హోదా యేమి యని తానే యడుగ మొదలిడెను. పార్టీ సభ్యత్వపు ప్రశ్నకు అయిదవ సవరణను చూపెను. అంత రష్యా మంచిదైనచో అచటనే యుండలేకపోతివా యని ఒక సభ్యుడనెను. తన తండ్రి బానిస యనియు, ఈ దేశమును నిర్మించుటలో తనవారు ప్రాణములిచ్చిరనియు, కనుక తానిచటనే యుండి తన భాగమును అనుభవింతుననియు రోబ్సన్ బదులు చెప్పెను. వ్రాసి తెచ్చిన ప్రకటనను చదువనీయలేదు. అధ్యక్షుడు ఫ్రాన్సిస్ వాల్టర్ కోపముతో సమావేశమును ముగించెను.

రోబ్సన్ ఆనాడు చెప్పినవన్నియు మెచ్చదగినవి కావు. స్టాలిను కాలపు నిర్బంధ శిబిరములను గుఱించి యడిగినప్పుడు ఆయన తప్పించుకొనెను. అది సోవియటువారి సమస్య యనెను. క్రుశ్చేవు స్టాలిను ఘోరములను బయటపెట్టి అప్పటికి నాలుగు నెలలే. తన జాతి బాధను అంత స్పష్టముగా చూడగలిగిన కన్ను ఆ వైపు మూసికొనుట మనకు నొప్పి కలిగించును. అయినను ఆ మందిరములో ఆనాడు శాసనసభ వినవలసిన మాట యొకటి పలుకబడినదన్నచో, అది మర్యాదస్థుల నోట వెలువడలేదు. దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి ఓటుహక్కు లేదన్న సంగతి ఆ దేశపు చట్టకర్తలు విచారింపదగిన విషయమే కదా! సాక్షి దానినే చెప్పుచుండెను. సంఘము సుత్తితో మోదుచుండెను.

1958 ఏప్రిల్ 9 న రోబ్సన్‌కు 60 ఏండ్లు నిండెను. ఆయన స్వదేశమున కదలనీయని ఆ రోజులలో మనదేశమున ఆ జన్మదినోత్సవము జరుపుటకు న్యాయమూర్తి చాగ్లా అధ్యక్షతన సంఘమేర్పడెను. ప్రధానమంత్రి నెహ్రూ దానిని సమర్థించుచు ప్రకటన చేసెను. అమెరికా రాయబారికి అది రుచింపలేదు. ఆ జూన్ నెలలోనే, పౌరుల నమ్మకములను బట్టి పాస్‌పోర్టు నిరాకరించు అధికారము ప్రభుత్వ శాఖకు లేదని సుప్రీము కోర్టు వేఱొక కేసులో చెప్పగా, రోబ్సన్‌కు మరల పాస్‌పోర్టు లభించెను.

రోబ్సన్ తరువాత తొమ్మిది దినములకు నాటకకర్త ఆర్థర్ మిల్లర్ వచ్చెను. ఆయన ఆ దినములలోనే మెరిలిన్ మన్రోను వివాహమాడబోవుచుండెను. ఆమెతో కలసి ఒక ఫొటో తీయించుకొననిచ్చినచో విచారణను మానుకొందునని సంఘాధ్యక్షుడు కబురంపెనని మిల్లర్ తరువాత వ్రాసెను. మిల్లర్ ఒప్పుకొనలేదు, పేర్లును చెప్పలేదు. 1957 లో దోషి యనిరి, 1958 లో పై కోర్టు ఆ తీర్పును రద్దు చేసెను. దేశరక్షణకు అంత అవసరమైన విచారణ ఒక ఫొటోతో తీరిపోవునదైనచో, దానిని గుఱించి వేఱుగా చెప్పవలసినది లేదు.

చిత్రమేమనగా, ఈ యధికారమునకు హద్దు గీయించినవాడు తార కాడు, గాయకుడు కాడు. జాన్ వాట్కిన్స్ అను కార్మిక సంఘ నాయకుడు. తన్ను గుఱించి చెప్పి, పార్టీని విడిచిపోయినవారి పేర్లు మాత్రము చెప్పననెను. 1957 జూన్ 17 న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆయన పక్షమున తీర్పు చెప్పుచు, కేవలము బట్టబయలు చేయుటకై బట్టబయలు చేయు అధికారము కాంగ్రెసుకు లేదనియు, ప్రశ్నకును చట్టనిర్మాణమునకును గల సంబంధము సాక్షికి తెలియజేయవలెననియు నిర్ణయించెను. రెండేండ్లకే మఱియొక కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు వేఱొకవైపు నిలువగా కోర్టు కొంత వెనుకకు తగ్గెను. కాని మునుపటి ధాటి సంఘమునకు మరల రాలేదు. 1969 లో పేరు మార్చుకొనెను. 1975 లో ప్రతినిధుల సభయే దానిని రద్దు చేసెను.

ఆ పేరు మాఱిన 1969 లోనే, మే 1 వ తేదీన, సెనేటు ఉపసంఘము ముందు ఫ్రెడ్ రోజర్స్ అను మెత్తని మనిషి కూర్చుండెను. పిల్లలకొఱకు టెలివిజను కార్యక్రమము నడుపువాడు. ప్రజాప్రసారములకు కేటాయించిన 2 కోట్ల డాలర్లను సగమునకు తగ్గింపవలెనని ప్రభుత్వ ప్రతిపాదన. ఆ ప్రభుత్వాధ్యక్షుడు 1947 నాటి సంఘములో కూర్చుండిన ఆ నిక్సనే. ఉపసంఘాధ్యక్షుడు పాస్టోర్ ముక్కోపి యని పేరు. రోజర్స్ ఆఱు నిమిషములు మాటలాడెను: కోపము వచ్చినప్పుడు పిల్లవాడేమి చేయవలెను, దానిని తాను కార్యక్రమములో నెట్లు చెప్పుచున్నాడు. తాను కట్టిన చిన్న పాట మాటలను పాడక చదివి వినిపించెను. పాస్టోర్ తనకు ఒడలు గగుర్పొడిచినదనియు, ఆ 2 కోట్లు మీరు సంపాదించుకొన్నట్లే యనియు చెప్పెను. ఇచట కూడ సాక్షి వినయముగనే యుండెను. అయితే ఈసారి వినయమునకు అడుగున చెప్పవలసిన విషయముండెను, ఎదుట వినువాడుండెను.

1999 మార్చిలో కజాన్‌కు గౌరవ ఆస్కారు బహుమానము నిచ్చినప్పుడు ఆ సభలో కొందఱు లేచి కరతాళములు చేసిరి; కొందఱు కూర్చున్నచోటనే చేతులు కట్టుకొని యుండిరి. ఆయన సాక్ష్యమిచ్చి అప్పటికి 47 ఏండ్లు. ఆ పదుగురిలో నొకడైన డాల్టన్ ట్రంబో చెఱనుండి వచ్చిన పిదప మాఱుపేర్లతో కథలు వ్రాయుచు బ్రతికెను. 1953 లో వచ్చిన రోమన్ హాలిడే చిత్రమునకు కథ యాయనదే; ఆస్కారు మాత్రము ఆయనకై తన పేరు నరువిచ్చిన మిత్రునికి దక్కెను. ఆ చిత్రపు రచయితల పట్టికలో ట్రంబో పేరును రచయితల సంఘము 2011 లో చేర్చెను. ఆయన మరణించి అప్పటికి 35 ఏండ్లు.